మామగారి వైన్ గది ఉష్ణోగ్రత

ఫిబ్రవరి 27, గురువారం

మామగారు పోయి నెల దాటింది. ఆయన వదిలి వెళ్ళిన బాధ్యతల్లో నాకు సంక్రమించినది ఒక్కటే: ఇంటి కింద నేలమాళిగలోని వైన్ గది. తక్కినవన్నీ మా ఆవిడకు సంక్రమించాయి, దుఃఖంతో సహా.

గదిలో ఆరు సీసాలున్నాయి. మా ఆవిడ పుట్టిన ఏడాది ద్రాక్షతో చేసిన వైన్. ఆమె యాభయ్యో పుట్టినరోజున మూత తీయాలని ఆయన అప్పుడే నిర్ణయించారు. ఇల్లు మారిన ప్రతిసారీ వాటిని పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఆ పుట్టినరోజు ఈ జూన్‌లో వస్తుంది. అంటే మధ్యలో ఒక వేసవి ఉంది. గది పదమూడు డిగ్రీల దగ్గర నిలవాలి. వేడి కన్నా మార్పే ప్రమాదమని ఆయన అనేవారు. మనుషుల విషయంలోనూ ఆయన అభిప్రాయం అదే. ఇల్లరికం వచ్చిన నన్ను చివరిదాకా మార్పుగానే పరిగణించారు.

నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుని. ఈ పనికి నాకంటే అర్హుడు ఇంట్లో లేడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం.

మార్చి 4

ఆమె సరిగ్గా తినడం లేదు. మాట్లాడటం అసలే లేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే తల ఊపింది. కూరలో ఉప్పే లేదు.

మార్చి 11, మంగళవారం

ఉష్ణోగ్రత చూపే గేజ్ తలుపు బయట గోడకు ఉంటుంది. వేడిని పసిగట్టే దాని బల్బు లోపల ఉంటుంది. తలుపు తీస్తే చలి పోతుందని మామగారు చేయించిన ఏర్పాటు. ఉదయం చూస్తే ముల్లు పదమూడు. సాయంత్రం పదమూడు. అయితే ఆదివారం మధ్యాహ్నం అనుకోకుండా కిందికి వెళితే రెండు గీతలు పైన ఉంది. నిన్న లీవ్ పెట్టి మరీ చూశాను. భోజనాలయ్యాక ఎక్కడం మొదలుపెట్టి, టీ వేళకు బుద్ధిగా దిగిపోతోంది. తక్షణం చర్య తీసుకోదగ్గ విషయం.

మార్చి 14

ఏసీ మెకానిక్ వచ్చాడు. మెషీన్‌కి ఏ రోగమూ లేదు సార్, గుండ్రాయిలా ఉంది అన్నాడు. మరి వేడి ఎక్కడిదని నిలదీశాను. తల గోక్కున్నాడు. మనిషి ఒంటికీ వేడుంటుంది కదా సార్, రోజూ ఆ టైముకి ఎవరో లోపల కాసేపు కూర్చుని లేచెళ్తున్నట్టుంది అని నవ్వాడు. ఇలాంటివి రిపోర్టులో రాయకూడదని హెచ్చరించాను. రిపోర్టు ఎవరు రాస్తారు సార్, నేను స్క్రూడ్రైవర్ మాత్రమే తెచ్చాను అన్నాడు.

వెనక్కి తిరిగితే మెట్ల మీద మా ఆవిడ. అంతా విన్నది.

మామగారు రోజూ భోజనం కాగానే కిందికి దిగి, ఆ సీసాల ఎదుట స్టూలు వేసుకుని టీ వేళ దాకా కూర్చునేవారు. మీ ఒంటి వేడి మాటేమిటని ఒకసారి అడిగాను. వాటికి నేను అలవాటయ్యానోయ్, నువ్వే కాలేదు అన్నారు.

ఈ సంగతి మెకానిక్‌కు ఎవరూ చెప్పలేదు.

మార్చి 23, ఆదివారం

ఇప్పుడు ఆమె రోజూ మధ్యాహ్నం గేజ్ ముందు కుర్చీ వేసుకుంటోంది. ముల్లు కదలగానే మాటలు మొదలు. నేను మెట్ల మలుపులో నిలబడి విన్నాను, అధికార హోదాలో. దగ్గు తగ్గిందా నాన్నా అంది. పక్కింటామె మళ్ళీ జుట్టుకు రంగేసింది, చెవులకి కూడా అంటుకుంది అంది. మీ అల్లుడు సబ్బుబిళ్ళ కూడా తూచి కొంటున్నాడు అంది. ఆ మాటకి తనే నవ్వింది.

ఆ నవ్వు విని రెండు నెలలు దాటింది. నాకు వెన్నులో చలి పుట్టింది. గదిలో మాత్రం పదిహేను.

రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తింది.

మార్చి 29

ముల్లు ఇంకో గీత పైకి పాకింది. బయట ఎండలు ముదురుతున్నాయి. ఇలాగే సాగితే జూన్ నాటికి ఆరు సీసాల వెనిగర్ మిగులుతుందని ఆమెకు సవినయంగా విన్నవించాను. తన సీసాల సంగతి నాన్న చూసుకోడా, మధ్యలో మీకెందుకండీ అంది.

నాకెందుకో నాకు తెలుసు. ఆయన నా మీద నమ్మకంతో వదిలిన వస్తువు అదొక్కటే. నిజానికి నమ్మకంతో కూడా కాదు, గత్యంతరం లేక.

ఏప్రిల్ 8, మంగళవారం

కారణం దొరికింది. మా గోడకి ఆనుకుని ఉన్న లాండ్రీవాడు ఈమధ్య కొత్త బాయిలర్ పెట్టాడు. ఇస్త్రీ పని భోజనాలయ్యాక మొదలెడతాడు. ఆవిరి గొట్టం మా నేలమాళిగ గోడను రాసుకుంటూ పోతోంది. శాఖాపరమైన గొంతుతో మాట్లాడాను. నేను బట్టలు లెక్కపెట్టి తీసుకుంటాను సార్, తూచి కాదు, నా మీద మీ డిపార్టుమెంటు ఏంటి సార్ అన్నాడు. అయినా గొట్టం అవతలి గోడకి మార్చాడు. లోపల గోడకి థర్మోకోల్ కొట్టించాను. వీధి వైపు నుంచి సీసాలు దింపుకునే చిన్న తలుపు అంచుల్లో రబ్బరు దూర్చాను.

మధ్యాహ్నం ముల్లు పదమూడు మీద మేకు కొట్టినట్టు నిలబడింది. నా సర్వీసులో ఇంత స్వచ్ఛమైన రీడింగ్ చూడలేదు. ఆమెను పిలిచి గర్వంగా చూపించాను.

నాన్నేడీ అని అడిగింది.

బాయిలర్ గురించి వివరించాను. బొమ్మ గీసి మరీ వివరించాను.

ఏప్రిల్ 9

పదమూడు.

ఏప్రిల్ 15

పదమూడు. ఆమె కుర్చీ గేజ్ ముందే ఉంది. కుర్చీలో ఆమె ఉంది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇల్లు మొత్తానికి ఇప్పుడు ఒకే ఉష్ణోగ్రత.

ఏప్రిల్ 22, మంగళవారం

బజారు తనిఖీలో ఒక తప్పుడు కాటాకి సరిగ్గా ఉందని సీలు వేశాను. మేమంతా పావుకిలో అని పిలిచే మా గుమాస్తా చెవి దగ్గరకొచ్చి, ఒంట్లో బాలేదా సార్, ఆ కాటాలో తేడా చూపు లేనివాడికి కూడా తెలుస్తుంది అన్నాడు. సీలు తీసేశాం.

తిరిగి వస్తూ లాండ్రీలో ఆగాను. గొట్టం మళ్ళీ మా గోడకే పెట్టగలవా అని అడిగాను. అతను ఇస్త్రీపెట్టె కింద పెట్టి నన్ను పరీక్షగా చూశాడు. తీయమంది మీరే, పెట్టమనేదీ మీరేనా, అవతల సిమెంటు చేసేశాను సార్, ఇక బ్రహ్మదేవుడొచ్చినా కదలదు అన్నాడు.

ఏప్రిల్ 24, గురువారం

హాఫ్ డే లీవ్. కారణం: కుటుంబ అవసరం.

వీధి వైపు చిన్న తలుపులోంచి లోపలికి దిగాను. నా వయసుకీ పొట్టకీ అనువైన మార్గం కాదు. రబ్బరు ఊడింది. తిరిగి దూర్చాను. మామగారి స్టూలు మీద, గేజ్ బల్బుకి దగ్గరగా కూర్చున్నాను. చీకటి. చలి. సీసాలు నా వైపే చూస్తున్నట్టున్నాయి. వాటికి నేను ఇంకా అలవాటు కాలేదు.

కాసేపటికి తలుపు అవతల కుర్చీ జరిగిన చప్పుడు. నేను బల్బు మీదికి వంగి ఊపిరి వదులుతూ ఉన్నాను.

వచ్చావా నాన్నా అంది.

ఇంతకాలం ఏ రీడింగ్‌నీ చేత్తో తాకలేదు. తాకినవాళ్ళ మీద కేసులు రాశాను. ఆయన కూతురి కోసం దాచిన సీసాలను, ఆయన కూతురి కోసమే పాడుచేస్తున్నాను. ఆమె నా మీద ఫిర్యాదులు చెబుతోంది. ఒకటి రెండు న్యాయమైనవే. దగ్గు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

అవతల మాట ఆగింది. కాసేపయ్యాక, మందు వేసుకో నాన్నా అంది.

మే 13

లీవులు అయిపోతున్నాయి. వారానికి రెండు మధ్యాహ్నాలు మార్కెట్ తనిఖీ అని రాసుకుని దిగుతున్నాను. ఆమె తింటోంది. సాయంత్రం నా భుజం మీద సాలెగూడు చూసి చేత్తో దులిపింది. మీ ఆఫీసులో ఊడ్చేవాళ్ళే లేరా ఏమిటి అంది. అంతకు మించి విచారణ జరగలేదు.

జూన్ 6, శుక్రవారం

పుట్టినరోజు. ఒక సీసా పైకి తెచ్చి మూత తీశాను. కార్కు పొడిపొడిగా ఊడింది. ఆమె ఒక గుక్క నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకుంది. కాస్త వెచ్చబడింది అంది. గేజ్ ఉన్న వైపు కాదు, నా వైపు చూసి అంది. క్షమాపణ చెప్పబోయాను. ఇంకొంచెం పొయ్యండి, నాన్న వాటా కూడా నేనే తాగుతాను అంది.

జూన్ 10, మంగళవారం

ఊరి బయట పెట్రోలు బంకుల తనిఖీ. పొద్దు వాలాకే ఇల్లు చేరాను. మధ్యాహ్నం కిందికి దిగడం కుదరలేదు.

నాన్న ఇవాళా వేళకే వచ్చాడు, ముల్లు రెండు గీతలు ఎక్కింది అని కంచం పెడుతూ చెప్పింది.

ఆ ముల్లును నేను తనిఖీ చేయలేదు.