గొలుసు ఫోను

ఫిబ్రవరి 3, శనివారం

ఈరోజు నన్ను తెలుగు సంఘానికి సెక్రటరీని చేశారు. ఎన్నుకున్నారు అనడం పెద్ద మాట. ఎవరైనా ముందుకు రండి అని ప్రెసిడెంటుగారు అడిగినప్పుడు అందరూ కూర్చుని ఉన్నారు. నేనొక్కదాన్నే టీ కప్పులు తీస్తూ నిలబడి ఉన్నాను. నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చినట్టే అన్నారాయన. చప్పట్లు కొట్టేశారు. పదకొండు మంది చప్పట్లు ఎంతని వినబడతాయి!

చప్పట్లయ్యాక అసలు సంగతి బయటపెట్టారు. కమ్యూనిటీ బిల్డింగు మూడో అంతస్తులో ఈ గది పందొమ్మిదేళ్ళుగా శనివారం నాలుగు నుంచి ఏడు దాకా మాది. ఇప్పుడు బిల్డింగు మేనేజరు ఉత్తరం రాసింది. ఏప్రిల్ ఆరున స్వయంగా వచ్చి తలలు లెక్కపెడుతుందట. ఐదు గంటలకి గదిలో ముప్పై మంది మెంబర్లు లేకపోతే గది ఇంకో క్లబ్బుకి వెళ్ళిపోతుంది. మా రిజిస్టరులో నలభై ఆరు పేర్లున్నాయి. వచ్చేది పదకొండు మంది. అందులో ఇద్దరు నిద్రపోతారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా ఆయన సానుభూతి.

గది పోతే నాకొచ్చే నష్టమేమీ లేదు. నష్టం అత్తయ్యకి. ఆవిడకి ఇక్కడి భాష రాదు. షాపులో, డాక్టరు దగ్గర, బస్సులో ఆవిడ తరఫున పదేళ్ళ మా పాప మాట్లాడుతుంది. ఆ గదిలో మాత్రం ఆవిడ పెద్దమనిషి. తగువులు తీరుస్తుంది, ప్రెసిడెంటుగారిని కూడా కసురుతుంది. నాలుగింటి మీటింగుకి ఒంటిగంటకే చీర మార్చుకుని కూర్చుంటుంది. ఆ శనివారం కూడా పోతే ఆవిడకి వారంలో ఏం మిగులుతుంది? నేను రాజీనామా ఇవ్వకపోవడానికి కారణం ఇదొక్కటే.

ఫిబ్రవరి 4, ఆదివారం

సంఘం కాగితాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. అడుగున గొలుసు జాబితా. అత్తయ్య ప్రతి ఆదివారం ఫోను దగ్గర కాపలా కాసేది దీనికోసమే. పొద్దున పదింటికి ప్రెసిడెంటుగారు తన కింద పేరున్న మనిషికి ఫోను చేస్తారు. ఆ మనిషి కిందివాళ్ళకి, వాళ్ళు ఆ కిందివాళ్ళకి. ఆఖరి మనిషి మళ్ళీ ప్రెసిడెంటుగారికి చేస్తే గొలుసు కలిసినట్టు. అడగాల్సినవి మూడు. ఒంట్లో ఎలా ఉంది? ఏం వండుకున్నారు? శనివారం వస్తున్నారా?

నేను డెంటల్ ల్యాబులో పని చేస్తాను. రోజుకి ఎనిమిది గంటలు పరాయివాళ్ళకి పళ్ళు చెక్కుతాను. వెంట్రుకంత తేడా వచ్చినా పన్ను వెనక్కొస్తుంది. ఇలాంటి లొడలొడ ఏర్పాటు చూస్తే నాకు చేతులు దురద పెడతాయి.

అరగంటలో ఫోన్లో గ్రూపు పెట్టేశాను. మూడేళ్ళుగా మొహం చూపించని పద్నాలుగు పేర్లు కొట్టేశాను. పాత రకం ఫోనున్న పెద్దవాళ్ళకి వాళ్ళ కొడుకుదో కోడలిదో నంబరు వేశాను. జాబితా చించి చెత్తబుట్టలో పడేశాను. ఇకమీదట గొలుసు ఫోను లేదు, శనివారం అందరూ తప్పక రావాలి అని మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి ఇరవై తొమ్మిది దణ్ణం బొమ్మలు వచ్చాయి. సెక్రటరీ అంటే ఇలా ఉండాలి!

ఫిబ్రవరి 10, శనివారం

ఏడుగురు వచ్చారు.

ఫిబ్రవరి 11, ఆదివారం

అత్తయ్య తొమ్మిదిన్నరకే తల దువ్వుకుని ఫోను పక్కన కూర్చుంది. ఆవిడకి ఫోను చేసేది టైలరుగారు. ఎనభై దాటాయి, నేను కొట్టేసిన పద్నాలుగు పేర్లలో ఆయనదొకటి. పన్నెండయింది. ఫోను పాడైందేమో చూడవే అంది. గొలుసు తీసేశానని చెప్పాను. ఓహో అంది. అత్తయ్య దగ్గర నాలుగు రకాల ఓహోలున్నాయి. ఇది ఐదోది.

ఫిబ్రవరి 17, శనివారం

మెసేజ్‌కి ముప్పై ఒక్క దణ్ణాలు. మీటింగుకి ఐదుగురు. మేనేజరు తలుపు సందులోంచి తొంగి చూసి ఏదో రాసుకుని వెళ్ళింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫిబ్రవరి 21, బుధవారం, మధ్యాహ్నం

అచ్చు పోస్తుంటే ల్యాబు ఫోను మోగింది. టైలరుగారు! నా నంబరు లేక, కోడలు పళ్ళు చేస్తుందని అత్తయ్య ఎప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకుని, డెంటల్ ల్యాబులన్నిటికీ వరసగా చేసుకుంటూ వస్తున్నారట. మాది నాలుగోది.

నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అమ్మా అని అడిగారు. మోకాళ్ళు పోయాయట. ఉండేది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. మీటింగుకి రావడం లేదన్న మాట నిజమే గానీ ఫోను మాత్రం ఒక్క ఆదివారం మానలేదు తల్లీ అన్నారు. మీ అత్తగారు కులాసాయేనా అన్నారు.

ఆవిడ నంబరు మీ దగ్గరుందిగా, మీరే చేయచ్చుగా అన్నాను. జాబితాలో ఉంటే అది డ్యూటీ అమ్మా, జాబితా లేకుండా చేస్తే ఈయనకేం పని అనుకోరూ అన్నారు. తర్వాత మెల్లగా, రాలేను గానీ పిలవగలను కదమ్మా అన్నారు.

ఆ మధ్యాహ్నం ఎవరిదో దవడ పన్ను పొట్టిగా చెక్కేశాను. మళ్ళీ మొదటినుంచీ చేయాల్సి వచ్చింది.

అదే రోజు, సాయంత్రం ఏడు

అత్తయ్యకి జరిగింది చెప్పాను. పది రోజులుగా దాచుకున్నదంతా బయటికి తీసింది. గుంపుకి చెబితే అది పిలుపెలా అవుతుందే? పేరు పెట్టి, బాగోగులడిగి, నువ్వు వస్తున్నావా అని అడిగితే అది పిలుపు. నువ్వు చేసింది చాటింపు. పిలవని పేరంటానికి ఎవరొస్తారే?

మరి అందరూ దణ్ణం పెట్టారుగా అన్నాను.

దణ్ణం దూరం నుంచే పెడతారు అంది.

మార్చి 2, శనివారం

తొమ్మిది మంది. లేచి నిలబడి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. గొలుసు మళ్ళీ మొదలుపెడదాం, జాబితా కాపీ ఎవరి దగ్గరుంది అని అడిగాను. ఎవరి దగ్గరా లేదు. ఎవరికి వాళ్ళకి రెండు పేర్లే తెలుసు: తనకి చేసేవాళ్ళు, తను చేయాల్సినవాళ్ళు. మొత్తం వరస ఉన్నది నేను చించిన కాగితంలోనే.

దానికేముంది, కొత్త వరస వేస్తానన్నాను. గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టు చూశారు నన్ను. పందొమ్మిదేళ్ళుగా ఒకరి మోకాళ్ళ సంగతి ఒకరికి తెలుసు, ఇప్పుడు కొత్తవాళ్ళకి మొదటినుంచీ ఎవరు చెప్పుకొస్తారు అన్నారు. ఆ వరస వేసింది తన భార్య అని ప్రెసిడెంటుగారు చెప్పారు. ఆవిడ లేదిప్పుడు. ఇరుగుపొరుగువాళ్ళనీ స్నేహితులనీ పక్కపక్కన వేయలేదట. వాళ్ళు ఎలాగూ మాట్లాడుకుంటారు కదా అందట. వాగుడుకాయ పక్కన మౌనస్వామిని, తగువు పడ్డవాళ్ళ పక్కన తగువు పడ్డవాళ్ళని వేసిందట.

అలాంటి కాగితాన్ని చించాను నేను.

మార్చి 5, మంగళవారం

ఒకటే దారి. ప్రెసిడెంటుగారి నుంచి మొదలుపెట్టి, మీరు ఎవరికి చేస్తారు అని అడగడం. వాళ్ళు చెప్పిన మనిషికి చేసి అదే అడగడం. పని నుంచి వచ్చాక మొదలుపెడితే వంటవేళకి నలుగురయ్యారు. సూటిగా అడగనివ్వరు. ముందు నా ఆరోగ్యం, తర్వాత ఏం వండావన్న ప్రశ్న. ఇంతమంది అడుగుతారని తెలిస్తే ఏదో ఒకటి వండి ఉండేదాన్ని. ఏమీ వండలేదంటే ఐదు నిమిషాలు చీవాట్లు అదనం.

మార్చి 9, శనివారం

పదిహేను మంది దాకా వచ్చాను. ఇద్దరు వియ్యంకులున్నారు, తొమ్మిదేళ్ళుగా ఎడమొహం పెడమొహం. పిల్లల ఇళ్ళల్లో కూడా ఒకరుంటే ఇంకొకరు అడుగు పెట్టరు. ఆదివారం మాత్రం ఒకరు ఇంకొకరికి ఫోను. ఏం వండారు అని అడుగుతాడు, ఫలానా అని చెబుతాడు, పెట్టేస్తారు. మీరు మాట్లాడుకోరుగా అన్నాను పెద్దాయనతో. మాట్లాడుకోం, అది డ్యూటీ అన్నాడు.

నా చేత పేర్లు కొట్టేయించుకున్నవాళ్ళలో ఇప్పటిదాకా ఐదుగురు తగిలారు, ఐదుగురూ ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. రిజిస్టరులో లేని హాజరు ఇది. ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 14, గురువారం

ఇరవై ఏడో మనిషి దగ్గర గొలుసు తెగింది. ఆవిడ రిటైరైన నర్సు. మీ తర్వాత ఎవరండీ అంటే మాట మార్చింది. మళ్ళీ అడిగాను. నాకు వేరే పనుందమ్మా అని పెట్టేసింది.

మార్చి 15, శుక్రవారం

నర్సుగారే ఫోను చేసింది. ఒక మాట చెబుతాను, పేరు కొట్టేయనని మాటివ్వు అంది. ఇచ్చాను. ఆవిడ ఫోను చేయాల్సిన మనిషి, బట్టలకొట్టు పిన్ని అంటారు అందరూ, పోయి ఏడాది దాటిందట. సంగతి బయటపడితే జాబితాలోంచి తీసేస్తారని నర్సుగారు ఎవరికీ చెప్పలేదు. గొలుసు ఆగేదాకా ప్రతివారం అదే నంబరుకి చేసేది. ఎత్తేది కూతురు. ఆ అమ్మాయే కింది మనిషికి కబురు అందించేది.

ఆ అమ్మాయికి చేశాను. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇక్కడే పుట్టింది, మన భాష కొంచెం తడబడుతుంది. సంఘంలో మెంబరు కాదు, గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆపేద్దామనే అనుకుందట మొదట్లో. కానీ ఏం వండుకున్నావని అమ్మ తర్వాత నన్ను అడిగేది ఆవిడొక్కతే అంది. ఆదివారం ఫోను ఆగిపోయినప్పుడు నర్సుగారు కూడా పోయిందేమోనని భయపడిందట. మన పద్ధతులేవీ తెలియవు, నేనే చేసి అడగచ్చో లేదో తోచలేదు అంది.

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, ఏడ్చాను.

మార్చి 24, ఆదివారం

నలభై ఆరో మనిషి, నేను ప్రెసిడెంటుగారికి చేస్తానమ్మా అంది. గొలుసు కలిసింది! వెంటనే ఆయనకి చేశాను. వచ్చేసిందా అన్నారు. నలభై ఏళ్ళు లిఫ్టులు రిపేరు చేసిన మనిషి కదా. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.

మార్చి 31, ఆదివారం

పదింటికి బయల్దేరిన ఫోను మూడూ నలభైకి తిరిగి ఇల్లు చేరింది. పదిన్నర దాటాక అత్తయ్య ఫోను మోగింది. వియ్యంకుల మధ్య ఇరవై నిమిషాలు ఆగిందని తెలిసింది. ఏం జరిగిందో ఇద్దరూ చెప్పడం లేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

భయంగా ఉంది. ఎంతమంది వస్తామన్నారని అత్తయ్యని అడిగాను. నలభై మంది దాకా చూద్దాం అన్నారట. మనవాళ్ళు చూద్దాం అంటే దానర్థం నాకు తెలుసు. గ్రూపులో ఒక మెసేజ్ కూడా పెడదామా అని ఫోను తీశాను. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

ఏప్రిల్ 6, శనివారం

నాలుగింటికి గదిలో తొమ్మిది మంది. మేనేజరు ప్యాడు పట్టుకుని తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది. అత్తయ్య కిటికీ దగ్గర. ప్రెసిడెంటుగారు టీ పెట్టి, చల్లారిపోయాక మళ్ళీ పెట్టారు.

నాలుగున్నరకి పదిహేడు. చెప్పిన టైముకి రావడం పరువు తక్కువని మనవాళ్ళకి ఎవరు నేర్పారో! మేనేజరుకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక బిస్కెట్లు పెట్టాను.

ఐదుకి పది నిమిషాలుండగా మెట్ల మీద చప్పుడు. వియ్యంకులిద్దరూ ఒకే కారులో వచ్చారు. వెనక కొడుకులు, కోడళ్ళు, నేను కొట్టేసిన పేర్లలో ఆరుగురు. నర్సుగారు ఆయాసపడుతూ వచ్చింది. చేయి పట్టుకుని పక్కన బట్టలకొట్టు పిన్ని కూతురు.

మేనేజరు లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది మంది మెంబర్లు, ఒక అతిథి. గడియారంలో ఐదుకి రెండు నిమిషాలు. మెంబరుషిప్పు ఫారాల కోసం బిస్కెట్ల డబ్బా బోర్లించాను. ఆ అమ్మాయి గోడకి ఆనించి నింపింది. మెంబరుగా ఎందుకు చేరుతున్నారు అన్న గడి దగ్గర ఆగి, అడిగారు కాబట్టి అని రాసింది. ప్రెసిడెంటుగారు సంతకం పెట్టారు. మేనేజరు ముప్పై అని రాసి, నవ్వకుండా నవ్వి, గది ఇంకో మూడేళ్ళు మీదే అంది.

ఆవిడ మెట్లు దిగిందో లేదో, ఐదున్నరకి ఇంకో పదకొండు మంది వచ్చారు. మొదలైందా అని అడిగారు.

టైలరుగారు రాలేదు. ఎలా వస్తారు?

ఏప్రిల్ 7, ఆదివారం, పదకొండు గంటలు

అత్తయ్య అరగంట నుంచి టైలరుగారితో ఫోన్లో ఉంది. నిన్న ఎవరెవరొచ్చారో, ఏం కట్టుకున్నారో, ఎవరు చిక్కిపోయారో ఒక్కొక్కరి గురించే చెబుతోంది. నలభై ఒక్క మందిలో ఇంకా పదిహేడో మనిషి దగ్గరుంది. వరసలో కింద ఉన్నవాళ్ళంతా ఎదురుచూస్తూ ఉంటారు. సెక్రటరీగా నేను వెళ్ళి త్వరగా ముగించమని చెప్పాలి.

వెళ్ళాను. ఆవిడ గది తలుపు మెల్లగా దగ్గరికి వేసి వచ్చాను.