నీ చర్మానికి చప్పట్లు

అమ్మా,

నువ్వు పోయి ఏడాది. పరిశోధనకని నీ చేతి నుంచి తీసిన చర్మకణాలను ఇవాళ క్యాంపస్ సెమినార్లో తెర మీద చూపించారు. నీకు మతిమరుపు జబ్బు తెచ్చిన టౌ అనే ప్రోటీన్ చెడిపోతే, కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోముల పంపకం కూడా సరిగా జరగదట. తెర మీది నీ కణంలో ఒక క్రోమోజోము ఎటూ పోలేక మధ్యలో ఉండిపోయింది. దానికి పచ్చరంగు వేసి "బ్యూటిఫుల్!" అన్నాడు ప్రొఫెసర్. "మస్తున్నది సార్!" అన్నారెవరో వెనకనుంచి. అందరూ చప్పట్లు కొట్టారు.

చర్మం తీసిన రోజు తార్నాక ఇల్లు చేరేదాకా ఆటోలో కట్టు తడుముకుంటూ, "నన్నెవరు గిచ్చిన్రు బిడ్డా?" అని అడుగుతూనే ఉన్నావు. డాక్టర్ అని చెప్పినా నమ్మలేదు.

ఇవాళ నువ్వుంటే, నిన్నెవరు గిచ్చారో చూపించేదాన్ని. సమోసాల నూనె అంటిన మూతులు తుడుచుకుని, వరసగా గ్రూప్ ఫోటోకు నిలబడ్డారు.