కిటికీ పక్కన పొయ్యి

అక్కా,

ఇది చదివి కోప్పడకు. ముందు జరిగింది చెబుతాను.

కొత్త వంటగది చేయించడానికి ఈ రోజు అత్తయ్య, మా ఆయన, నేను ముగ్గురం దుకాణానికి వెళ్లాం. అక్కడ మంచమంత గాజుబల్ల పెట్టారు. దాని మీద మా వంటగది బొమ్మ వెలుగుతూ ఉంటుంది. పొయ్యిని వేలితో లాగితే ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుగుతుంది. కిందటేడు బీరువా కోసం వెళ్లినప్పుడు దుకాణాయన కాగితం మీద గీసి, అత్తయ్యనీ ఆయననీ మాత్రమే అడిగాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఈసారి, "మీరూ చెయ్యి పెట్టండమ్మా, ఎన్ని చేతులు పడినా ఈ బల్ల మాట వింటుంది" అన్నాడు నాతో.

అత్తయ్య పొయ్యిని మూలగోడకు పెట్టారు. అక్కడికి గాలి రాదు. నేను మెల్లగా కిటికీ పక్కకు లాగాను.

"కిటికీ దగ్గర మంట నిలుస్తుందా?" అంటూ ఆవిడ వెనక్కి లాగారు. నేను మళ్లీ వేలు పెట్టాను. ఇద్దరి వేళ్ల మధ్య పొయ్యి బొమ్మ వణికింది.

"నోట్లో నాలుక లేదనుకున్నాను, వేలికి ఉందే" అన్నారు అత్తయ్య.

"నీకెందుకంత పట్టుదల?" అని ఆయన అడిగారు. నేను వేలు మాత్రం తీయలేదు.

రేపు ఖాయం చేస్తారట. ఇంటికొచ్చినప్పటి నుంచీ నాతో ఎవరూ మాట్లాడలేదు.

నా ఆయాసం సంగతి ఇక్కడెవరికీ చెప్పొద్దని సంబంధం కుదిరినప్పుడు నువ్వు ఒట్టు వేయించుకున్నావు. ఇన్నాళ్లూ పోపు ఘాటుకు ఊపిరాడకపోతే పెరట్లోకి పోయి, బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడేదాన్ని. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆయనతో చెప్పేసి ఉంటాను. వాళ్లు వచ్చి అడిగితే, నీకు తెలియదని మాత్రం అనకు.

నీ చెల్లి