మైత్రీనగర్‌లో ఎండాకాలపు గస్తీ

ఏప్రిల్ 24, 2024, బుధవారం

వేసవి సెలవులు మొదలు! ఇక జూన్ దాకా డ్రాయింగ్ మాస్టర్నైన నా పీరియడ్‌ను లెక్కల సారు లాక్కునే ప్రసక్తే లేదు.

సాయంత్రం మా కాలనీ మీటింగు. పోయిన ఎండాకాలం జనం ఊళ్లకు పోగానే నల్గొండలో చాలా ఇళ్లలో దొంగలు పడ్డారు. కాలనీ అధ్యక్షుడు బుచ్చయ్య రిటైరైన కండక్టరు. గొంతు ఇంకా బస్సులోనే ఉంది.

"గీసారి గస్తీ ఎవరు తిరుగుతరు?" అన్నాడు.

అందరూ తలెత్తి ఫ్యాన్ వైపు చూశారు. నేను చెయ్యెత్తాను. పక్కనే ఉన్న నా భార్య మంజులత గిల్లింది గానీ, అప్పటికే చప్పట్లు మోగాయి.

తీర్మానం: పొద్దున ఒక రౌండు, మధ్యాహ్నం ఒక రౌండు. తాళం వేసిన ఇళ్లన్నీ చూడాలి. ఎండలో ఆడే పిల్లల్ని నీడకు తోలాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల తలుపు తట్టి నీళ్లు తాగారా అని అడగాలి. బడి తెరిచేదాకా ఒక్క రోజు కూడా తప్పను!

ఈల కొన్నాను. టోపీ కూడా.

ఏప్రిల్ 25, గురువారం

అద్భుతం! కాలనీ అంతా తిరిగాను. క్రికెట్ ఆడే పిల్లల్ని ఇళ్లకు పంపాను. వాళ్లు వెనకవీధిలో మళ్లీ మొదలుపెట్టారట. అది నా పరిధే, రేపు చూస్తాను.

ఎదురింటి బిక్షమ్మవ్వ ఒక్కతే ఉంటుంది. ఈల విని కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

"నువ్వా సారూ? గ్యాస్ బండి వచ్చిందనుకున్న."

"నీళ్లు తాగినవా అవ్వా?"

"నువ్వు తాగినవా? మొహం జూడు, టమాట లెక్క అయింది." చెంబుతో మజ్జిగ ఇచ్చింది. నేను అడిగిందే ఆమె తిరిగి అడిగింది. పర్వాలేదు, భద్రత భద్రతే.

సాయంత్రం పక్కింటి రాంచందర్ సారు తాళం చెవి చేతిలో పెట్టాడు. కూతురి కాన్పుకు మహబూబ్‌నగర్ పోతున్నాడు.

"మల్లె కుండీలు లోపల వాకిట్ల ఉన్నయి. జర నీళ్లు పొయ్యి నాగేందర్. నీ మీద ఫికర్ లేదు నాకు."

తీర్మానానికి చేర్పు: కుండీల దాకా మాత్రమే. గడప దాటేది లేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఇది ఎండ కాదు, పగ. చెప్పు తారుకు అంటుకుని ఊడొచ్చింది. ఒంటికాలి మీద మూడిళ్లు చూసి వచ్చేశాను.

కొత్త ఆలోచన! మా డాబా మీది నుంచి చూస్తే సగం కాలనీ కనబడుతుంది. ఇకనుంచి మధ్యాహ్నం రౌండు పైనుంచే. పోలీసులు కూడా కెమెరాల్లోనే చూస్తారు కదా.

డాబా మీద కూడా కాళ్లు కాలాయి. కిటికీలోంచి చూశాను. బిక్షమ్మవ్వ ఇల్లు కనిపిస్తూనే ఉంది. తలుపు తట్టినట్టే లెక్క.

మా కూలర్ వేడిగాలి కొడుతోంది. గడ్డి మార్చాలి. బజారుకు పోవాలంటే ఎండ!

ఏప్రిల్ 30, మంగళవారం

రాంచందర్ సారు మల్లెలకు నీళ్లు పోశాను. గడప అవతల గదిలో ఏసీ. చాలా రోజులు వాడకపోతే పాడవుతుందని ఎక్కడో విన్నాను. మనల్ని నమ్మి అప్పగించిన ఇంట్లో వస్తువు పాడైతే మాట ఎవరికి వస్తుంది?

ఐదు నిమిషాలు వేసి చూద్దామని లోపలికి పోయాను. శబ్దం సరిగా ఉందా లేదా వినడానికి మంచం మీద వాలాను. బాగా వినపడాలని కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి మసీదులో సాయంత్రం నమాజు పిలుపు.

ఏసీ బాగానే ఉంది.

మే 2, గురువారం

ఒక్కసారి చూస్తే సరిపోదు. మళ్లీ పరీక్షించాను. ఈసారి మా ఇంటి దిండు తీసుకుపోయాను, వాళ్ల దిండు మాయకుండా.

సాయంత్రం మంజులత నా మొహం పట్టి చూసింది. "దినమంతా ఎండల తిరుగుతున్నరు గదా, గిట్ల నిగనిగలాడుతున్నరేంది?"

"చెమట," అన్నాను.

పొద్దున రౌండు పోలేదు. మధ్యాహ్నం నిద్ర ఎక్కువై రాత్రి నిద్ర పట్టక, పొద్దున లేవలేదు. తప్పు నాది కాదు.

మే 4, శనివారం

దొరికిపోయాను. దిండు కనబడక మంజులత వెతుక్కుంటూ వచ్చింది. గడపలో నిలబడి అరిచింది.

"సిగ్గు లేదా మీకు? నమ్మి చెవి ఇస్తే గిదేనా కాపలా? పాండ్రి ఇంటికి!"

తలొంచుకుని లేచాను. ఆమె ఇంకో అడుగు లోపలికి వేసింది. వెనక్కి తిరిగి తలుపు మూసింది.

"జర ఇరవై రెండు మీద పెట్టుండ్రి," అంది.

మే 6, సోమవారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం భోంచేసి ఇద్దరం ముంజలు పట్టుకుని రాంచందర్ సారు ఇంటికి పోయాం. తిన్నాం. నిద్రపోయాం.

తలుపు బద్దలయ్యేలా కొడుతుంటే లేచాను. లుంగీ సరిచేసుకుని, దిండుతో సహా తలుపు తీశాను. ఎదురుగా కాలనీ మొత్తం! బ్యాట్లు, కర్రలు, ఒకరి చేతిలో అప్పడాల కర్ర.

బుచ్చయ్య నోరు తెరిచాడు. "నువ్వా? దొంగలను పట్టినవా నాగేందర్?"

అవునని చెప్పాలని ఎంత ఆశపడ్డానో! అంతలో నా వెనక మంజులత ముంజల తొక్కల పళ్లెంతో వచ్చింది.

ఎవరో కిసుక్కుమన్నారు. బుచ్చయ్య మాత్రం నవ్వలేదు.

"తాళమేసిన ఇంట్ల ఏసీ నీళ్లు కారుతున్నయని బిక్షమ్మ జూసింది. నీకు జెప్పుదామని మీ ఇంటికి పోయింది. తాళం. గా మండుటెండల నా ఇంటి దాకా నడిచొచ్చింది. 'దొంగలు' అన్నది, గేటు కాడనే పడిపోయింది. దవాఖానకు తోలినం."

దిండు ఎక్కడ పడేశానో తెలియదు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.

మే 7, మంగళవారం

అవ్వకు ప్రాణాపాయం లేదు. వడదెబ్బ. సెలైన్ ఎక్కించారు. రాత్రంతా మంజులత అవ్వ దగ్గరే కూర్చుంది.

పొద్దున నేను మంచం పక్కన నిలబడ్డాను.

"అవ్వా, దొంగలు కాదు. లోపల మేమే ఉన్నం."

"చెప్పిండ్రు." కాసేపు పైకప్పు చూసింది. "చల్లగున్నదా లోపల?"

"ఉన్నదవ్వా."

"మరి నన్నెందుకు పిలువలే?"

తిట్టినా బాగుండేది. ఆమె ఇంట్లో ఉన్నది గోడకు కొట్టిన పాత ఫ్యాన్ ఒక్కటే. రోజూ కిటికీలోంచి చూసి, తట్టినట్టే లెక్క అనుకున్న తలుపు అదే.

రాంచందర్ సారుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మల్లెలు బతికున్నయా?" అన్నాడు. చూసి చెప్పాను. రెండు ఎండిపోయాయి. "చెవి బుచ్చయ్యకిచ్చెయ్," అని పెట్టేశాడు.

ఇచ్చేశాను. గస్తీ కూడా మానేస్తానన్నాను.

"నువ్వు మానేస్తే గీ ఎండల ఎవడు తిరుగుతడు?" అన్నాడు బుచ్చయ్య. "తప్పు జేసినవ్, నువ్వే తిరుగు."

మే 9, గురువారం

ఎండలోనే బజారుకు పోయి కూలర్‌కు కొత్త గడ్డి తెచ్చాను. మోటారు బాగుచేయించాను. మా ముందుగది ఖాళీ చేసి చాపలు పరిచాం. మధ్యాహ్నం మంజులత పోయి, దవాఖాన నుంచి నిన్న ఇంటికొచ్చిన బిక్షమ్మవ్వను తీసుకొచ్చింది. అవ్వ ఒక్కతే రాలేదు, వెనకవీధి ముసలమ్మలను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. కూలర్ ముందు నాకు జాగా లేదు. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని అందరికీ మజ్జిగ పోశాను.

పోయేటప్పుడు అవ్వ గుమ్మంలో ఆగింది.

"పొద్దుగాల రౌండు ఎన్ని గంటలకు సారూ?"

"ఆరింటికి అవ్వా. రేపటి నుంచి మళ్లీ మొదలు. ఒక్క రోజు కూడా తప్పను."

"మంచిగనే ఉన్నది. నేను ఐదింటికే వచ్చి నీ తలుపు కొడ్త."