గ్యాలనుకు పదకొండు మైళ్లు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ టాపు తెరిచే కారు కొంటానని హనుమాన్ జంక్షన్ నుంచి ఒకాయన వచ్చాడు. "గ్యాలనుకి ఎంతిస్తుందండీ?" అన్నాడు. మీ నోటుపుస్తకం తీశాను. ఈ యాభై ఎనిమిది మోడలుకు పదకొండు మైళ్లని రాశారు, పాత యాభై రెండు మోడలుకు పదిహేను.

మరి పెట్రోలు తాగేస్తోందని ఆ పాతదాన్నెందుకు అమ్మారు? అప్పుడప్పుడే దాని మీద డ్రైవింగు నేర్చుకున్నాను. కొత్తదాని స్టీరింగు నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను నడపడం ఇష్టం లేకనా, లేక కొత్త కారు మీద మోజా? ఒకసారి అదనిపిస్తోంది, ఒకసారి ఇది.

పాతదాన్ని మీరెందుకు అమ్మారో ఆయనకి చెప్పాను. "కొత్త మోడలు బరువు కదండీ, ఎక్కువ తాగుద్ది. సారుకి తెలీదంటారా?" అని ఆయన నవ్వాడు.

కారు నడిపి చూపించమన్నాడు. తాళం తీసుకుని నేనే ఎక్కాను.

"అమ్మగారికి డ్రైవింగు వచ్చాండీ?" అన్నాడు గాభరాగా.

"నాకూ తెలీదండీ, కూర్చోండి," అన్నాను.