పక్క సీటు బ్రేక్

మార్చి 4, మంగళవారం

చలానా వచ్చింది. స్కూలు అడ్రసుకు వచ్చింది కాబట్టి నాకంటే ముందు ఓనర్ చదివాడు. రెడ్ సిగ్నల్ దాటినందుకట. పెద్దాసుపత్రి ముందున్న కూడలిలో. పోయిన నెల ఇరవయ్యో తారీఖున.

ఫోటో కూడా పెట్టారు. వెనక నుంచి తీసింది. కారు గీత దాటి, జీబ్రా క్రాసింగ్ దాటి, సగం కూడలిలో ఉంది. పైన ఎర్ర లైటు. కారు నెత్తిన మా డ్రైవింగ్ స్కూలు బోర్డు. వెనక రెండు బ్రేక్ లైట్లూ వెలుగుతున్నాయి.

బ్రేక్ వేసిన కారు గీత ఎలా దాటింది? ఓనర్ అడిగిందీ అదే. నాకు తెలియదన్నాను. అదేంటమ్మా, పక్క సీట్లో కూర్చున్నది నువ్వేగా, నన్నడుగుతావా, అన్నాడు.

నేనే కూర్చున్నాను. స్టీరింగ్ దగ్గర మా పిన్ని.

నేర్చుకునేవాళ్లు ఏం చేసినా చట్టం లెక్కలో డ్రైవరు పక్కనున్న టీచరే. రెడ్ సిగ్నల్ కేసు రుజువైతే టీచర్ కార్డు తీసేసుకుంటారు. కార్డు లేకపోతే నేర్పడానికి వీల్లేదు. నాకు చేతనైన పని అదొక్కటే.


మార్చి 6, గురువారం

గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

ఎండగా ఉంది. పిన్ని బాగానే నడుపుతోంది. తన లాండ్రీలో హోటల్ దుప్పట్లు చేరవేసే డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఇక ఎవడి కాళ్లూ పట్టుకోను, నా వ్యాను నేనే నడుపుకుంటాను అని నా దగ్గర చేరింది. కూడలి దగ్గరికొచ్చాం. పసుపు పడింది. నేను బ్రేక్ నొక్కాను. కారు ఆగింది. కానీ ఆగేసరికి కూడలిలో ఉన్నాం. బానెట్‌కు జానెడు దూరంలో ఒక సైకిలాయన. ఆయన మమ్మల్ని తిట్టలేదు. చూసి, వెళ్లిపోయాడు.

నొక్కిన గుర్తు గట్టిగా ఉంది. పిక్క పట్టేసింది కూడా.

సాయంత్రం లాండ్రీకి వెళ్లి పిన్నిని అడిగాను. ఇస్త్రీ ఆపకుండానే చెప్పింది. బ్రేక్ వేసింది తనేనట. నేను కాదట. కాదు పిన్నీ, నేను వేశాను, నీకు అలా అనిపించి ఉంటుంది అన్నాను. పక్క సీటు కింద నాకూ ఒక బ్రేక్ ఉంటుంది. నేను నొక్కితే కేబుల్ లాగి ఆవిడ పెడల్ కూడా దిగుతుంది. కాలు దాని మీదే ఉంటే తానే నొక్కినట్టు అనిపించడం మామూలే. కొత్తవాళ్లందరూ అలాగే అనుకుంటారు.

పిన్ని ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. ముప్పై ఏళ్లుగా ఈ పెట్టె నొక్కడమే నా పని, ఏది నేను నొక్కానో ఏది దానంతటది దిగిందో నాకు తెలియదా అంది.

దుప్పట్లు మడతపెట్టి వచ్చాను.


మార్చి 7, శుక్రవారం

ఇద్దరం బ్రేక్ వేస్తే కారు ఇంకా ముందే ఆగాలి కదా.


మార్చి 11, మంగళవారం

బావ కేసు తీసుకున్నాడు. అక్క బలవంతం మీద. లాయరుగా ఆయన ఇన్నాళ్లూ చూసినవన్నీ గోడలు, గట్లు, వాటాల తగాదాలు. ట్రాఫిక్ కేసు ఇదే మొదలు. ఏం మరదలా, లోకానికంతా బండి నేర్పి నువ్వే దొరికిపోయావా అని పగలబడి నవ్వాడు. ఫీజు వద్దట. నెల రోజులు నన్ను ఏడిపించే హక్కు ఇస్తే చాలట. అక్క వంటింట్లోంచి, నెల ఎందుకు, పెళ్లయినప్పటి నుంచీ ఆ హక్కు వాడుకుంటూనే ఉన్నారుగా అంది.

నవ్వాక ఫోటో చాలాసేపు చూశాడు. బ్రేక్ ఎవరు వేశారని అడిగాడు. నేనన్నాను. మరి మీ పిన్ని తానంటోందే అన్నాడు. ఇద్దరూ బోనెక్కి తలో మాటా చెబితే జడ్జి ఇద్దర్నీ నమ్మదు. ముందు మీరిద్దరూ తేల్చుకోండి అన్నాడు.

తేల్చుకోవడానికి ఏముంది? నేను నొక్కాను.

నొక్కాను.


మార్చి 14, శుక్రవారం

పిన్ని క్లాసుకు రాలేదు. ఫోన్ చేస్తే ఇంక రానంది. నీ పొట్ట కొట్టడానికి నేర్చుకున్నట్టయింది, ఈ వయసులో నాకెందుకే ఈ సరదా అంది. సరదా కాదు, అవసరం కదా అన్నాను. కొత్త డ్రైవర్ని మాట్లాడుకున్నానంది. వాడు ఫోన్ చెవిలోంచి తీయడట, అయినా పర్లేదట.

ఆ రోజు తాను ఆలస్యం చేసిందట. రోజూ పసుపు పడగానే నేనే బ్రేక్ వేసేస్తానట. అందుకని తాను కాలు ఊరికే ఆనించి నా కోసం చూస్తుందట. ఆ రోజు కూడా చూసిందట. నేను వేయలేదట. అప్పుడు తాను వేసిందట.

నేను వేయకపోవడం ఏమిటి?


మార్చి 15, శనివారం

బావ మూడు రోజులుగా పెద్దాసుపత్రి ముందు మడత కుర్చీ, గొడుగు వేసుకుని కూర్చుంటున్నాడు. సిగ్నల్‌ను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. గేటు దగ్గర గార్డు జాలిపడి, మీ పేషెంట్ ఏ వార్డులో ఉన్నారు సార్ అని అడిగాడట. మా మరదలండీ, ఇంకా స్పృహ రాలేదు అన్నాడట.

ఆ కూడలిలో పసుపు లైటు ఉండాల్సినంతసేపు ఉండటం లేదట. రూలు ప్రకారం మూడు సెకన్లు ఉండాలి. రెండుకే ఎరుపు పడుతోంది. కేసు కొట్టేసినట్టే అని గాల్లో చెయ్యి ఊపాడు. బ్రేక్ ఎవరు వేస్తే ఎవరికి కావాలి ఇప్పుడు అన్నాడు.

ఊపిరి పీల్చుకున్నాను. అయినా లోపల ఏదో కుదురుకోలేదు. పసుపు పొట్టిదైతే నేను ఎందుకు ఆపలేకపోయానో తెలుస్తుంది. నేను వేయలేదని పిన్నికి ఎందుకనిపించిందో తెలియదు.


మార్చి 16, ఆదివారం

సంత జరగని రోజు కాబట్టి సంత మైదానం ఖాళీ. బావ మమ్మల్నిద్దర్నీ అక్కడికి రప్పించాడు. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఒకసారి చేసి చూపించమన్నాడు, జడ్జి ఏమైనా అడిగితే తడబడకుండా ఉండటానికి. పిన్ని స్టీరింగ్ ముట్టుకోనంది. బతిమాలినా ఎక్కలేదు. సరే నువ్వు నా సీట్లో కూర్చో, నేను నీ సీట్లో కూర్చుంటాను అన్నాను.

ఈ కారులో పక్కన మనిషి ఉండగా నేను స్టీరింగ్ దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. స్కూలు కారు కదా. ఒక్కదాన్నే తెస్తాను, ఒక్కదాన్నే తీసుకెళతాను. ఎవరైనా ఎక్కితే పక్క సీటులోకి జరుగుతాను.

మెల్లగా పోనిచ్చాను. పిన్నీ, బ్రేక్ నొక్కు అన్నాను. నా కాలి కింద పెడల్ కదల్లేదు. నొక్కు పిన్నీ అన్నాను. నొక్కుతున్నానే అంది. చూశాను. నిజంగానే నొక్కుతోంది. పెడల్ అడుగుదాకా దిగింది. కారు పోతూనే ఉంది.

నేను ఆపాను.

వెనక సీట్లో బావ ఫోన్ చూసుకుంటూ బాగుంది బాగుంది అన్నాడు. తలనొప్పిగా ఉందని చెప్పి ఇద్దర్నీ దింపేశాను.

ఇంటి ముందు కారాపి, టార్చి పట్టుకుని పక్క సీటు ముందు దూరాను. కేబుల్ కొన కొక్కెం నుంచి జారి వేలాడుతోంది. స్ప్రింగ్ మాత్రం బాగుంది. నొక్కితే దిగుతుంది, వదిలితే పైకి వస్తుంది. ఎప్పటిలాగే ఉంటుంది కాలికి. దాని అవతల ఏమీ లేదు.

కొక్కేనికి తగిలించాను. ఇది రాసినంతసేపు కూడా పట్టలేదు.


మార్చి 17, సోమవారం

బండి తీసే ముందు రోజూ పక్క బ్రేక్ పరీక్షించాలి. రూలు అది. ఒకరు నొక్కాలి, ఇంకొకరు రెండో పెడల్ దిగిందో లేదో చూడాలి. పొద్దున్నే ఆ రెండో మనిషి ఎక్కడుంటారు? మా స్కూల్లో ఏ టీచరైనా చేసేది ఒకటే. కారు ఎక్కుతూ కాలితో ఒకసారి తొక్కుతాం. తిరిగి పైకి వస్తే సరే అనుకుంటాం. నేనూ అంతే.

ఎప్పుడు జారింది? ఆ రోజేనా? అంతకు ముందా? ఆ తర్వాతా? కేబుల్ చెప్పదు.

ఈ మధ్యలో ఎంతమందికి నేర్పాను? పోయిన శుక్రవారం నర్సమ్మకు బస్సు వెనకాల బ్రేక్ వేశాను. వేశానా? ఆమె వేసిందా? బడి దగ్గర పళ్ల డాక్టరుకు వేశాను. కారు ఆగింది. నేను ఆపాను కాబట్టి ఆగిందనుకున్నాను. చూసి నడపండి సార్ అని కోప్పడ్డాను కూడా. ఆయన సారీ చెప్పాడు.

ఎవరు ఎవరికి సారీ చెప్పాలి?


మార్చి 19, బుధవారం

బావను ఊరికే అడిగినట్టు అడిగాను. పక్క బ్రేక్ పనిచేయని కారులో నేర్పితే ఏమవుతుంది బావా అని.

ఆయన నవ్వలేదు. కార్డు పోతుంది, మాటే లేదు అన్నాడు. రెడ్ సిగ్నల్ కంటే అది పెద్ద తప్పు అన్నాడు. ఎందుకడుగుతున్నావు అని మాత్రం అడగలేదు. చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ, ఈ మధ్య నాకీ చెవి సరిగా వినబడట్లేదు మరదలా అన్నాడు. కోర్టులో అడిగేది లైటు రంగు గురించి. నువ్వు చెప్పాల్సిందీ రంగు గురించే. అంతకుమించి ఒక్క ముక్క వద్దు అన్నాడు.

ఆయన చెప్పింది అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా గజిబిజిగా ఉంది.


మార్చి 24, సోమవారం

పిన్ని వచ్చింది. రేపు కోర్టులో తప్పంతా తన మీద వేసుకుంటుందట. స్టీరింగ్ దగ్గర పరధ్యానంగా ఉన్నాను, మా అమ్మాయి ఆపమన్నా ఆపలేదు అని చెబుతుందట. టెస్టు తేదీ కూడా వదులుకుంటున్నానని ఉదయమే ఫోన్ చేసి చెప్పేసిందట. నాకు లైసెన్సు రాకపోతే కొంపలేం మునగవు, నీకు కార్డు పోతే ఏం చేస్తావే అంది. తన చేతులు పనికిరాని చేతులంది. ఆ సైకిలాయన మొహం కళ్లల్లోంచి పోవట్లేదంది. ఇంకొంచెముంటే చంపేసేదాన్ని కదా అంది.

ఆయన బతికింది ఎవరి వల్లో నాకు తెలుసు. పిన్నికి తెలియదు. నోటిదాకా వచ్చింది.

చెప్పలేదు.


మార్చి 25, మంగళవారం

కోర్టు చిన్న గది. ఫ్యాన్లు, బెంచీలు, వంతు కోసం కూర్చున్న జనం. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ఒకాయన నిద్రపోతున్నాడు. జడ్జి నడివయసు ఆవిడ. ఒక్కో కేసూ కూరగాయలు ఏరినట్టు చకచకా తేల్చేస్తోంది.

బావ వీడియో చూపించాడు. గోడలు, గట్లు తప్ప చూడని మనిషి, బాగా మాట్లాడాడు. పసుపు లైటు సంగతి ట్రాఫిక్ ఆఫీసరు కాదనలేకపోయాడు. టైమింగ్ ఈ మధ్యే సరిచేశామన్నాడు. అంటే అప్పటిదాకా తప్పుగా ఉన్నట్టేగా అంది జడ్జి. ఆయన బూట్లు చూసుకున్నాడు.

ఇంక తీర్పే. ఈలోగా పిన్ని లేచి నిలబడింది. నేను చెప్పాలమ్మా, తప్పు నాదే అంది. బావ కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు. నాకు నడపడం చేతకాదు, నేను ఆలస్యంగా బ్రేక్ వేశాను అంది. ఒక్కో మాటా దుప్పటి మడతపెట్టినట్టు పద్ధతిగా చెప్పింది. ఇంట్లో సాధన చేసి వచ్చిందని తెలుస్తూనే ఉంది.

జడ్జి నా వైపు తిరిగింది. ఈవిడ చెప్పేది నిజమేనా అని అడిగింది.

లైటు రంగు గురించి కాదు ఆ ప్రశ్న.

నిజం కాదన్నాను. సమయానికి ఆపింది ఈవిడే అన్నాను. నేనూ నొక్కాను, నా పెడల్‌కు కేబుల్ లేదు, ఆ సంగతి నాకు తెలియదు, ఈవిడ నా కోసం చూసి, నేను ఆపలేదని గ్రహించి తానే ఆపింది అన్నాను. కేబుల్ ఆ రోజే ఊడిందని ఎలా తెలుసు అని అడిగింది జడ్జి. ఖచ్చితంగా తెలియదు, కానీ కేబుల్ ఉండి ఉంటే నేను నొక్కగానే ఆగేది, అంత దూరం వచ్చేది కాదు, ఆ ఫోటోకు ఇంకో అర్థం కనబడట్లేదన్నాను. జడ్జి ఫోటో మళ్లీ చూసింది. బావ కళ్లు మూసుకున్నాడు.

రెడ్ సిగ్నల్ కేసు కొట్టేశారు. నేను చెప్పిన మాట మాత్రం లైసెన్సు ఆఫీసుకు పంపుతారట. గెలిచానో ఓడానో తెలియక, ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక, అందరికీ పెట్టి బయటికొచ్చాను.

మెట్ల మీద బావ, చెవి బాగైపోయింది మరదలా, ఇప్పుడన్నీ వినబడుతున్నాయి అన్నాడు. టీ తేవడానికి వెళ్లాడు.

పిన్ని నా భుజం మీద ఒక్కటి వేసింది. అంటే ఆపింది నేనేనా అంది. నువ్వే అన్నాను. నువ్వు నొక్కినా పనిచేయలేదా అంది. చేయలేదన్నాను. అచ్చంగా నేనేనా అని మళ్లీ అడిగింది. ఎన్నిసార్లు చెప్పినా అడుగుతూనే ఉంది.


ఏప్రిల్ 2, బుధవారం

కార్డు ఏడాదిపాటు ఆపారు. కారు తాళాలు ఓనర్‌కు ఇచ్చేశాను. నిజం చెప్పి ఏం బావుకున్నావమ్మా అన్నాడు. తాళాలు తీసుకుని, ఇంకో టీచర్ని కేకేసి, పక్క సీట్లో కూర్చుని పెడల్ నొక్కమన్నాడు. తాను స్టీరింగ్ దగ్గర కూర్చుని వంగి చూశాడు. మిగతా కార్లక్కూడా అలాగే చేశాడు.

పిన్ని మళ్లీ టెస్టు తేదీ తీసుకుంది.


జూన్ 14, శనివారం

దుప్పట్ల వ్యాన్‌లో పిన్ని పక్కన కూర్చున్నాను. నా వైపు కింద రబ్బరు మ్యాట్ తప్ప ఏమీ లేదు. పెద్దాసుపత్రి కూడలి. పసుపు పడింది. మ్యాట్ మీద నా కాలు గట్టిగా నొక్కింది.

వ్యాను గీతకు ఇవతలే ఆగింది.