యోబు ప్లంబాగో డబ్బా

ఇబ్రహీంపట్నం
1948 అక్టోబరు 11, సోమవారం. సాయంత్రం

తమ్ముడు యోబును మిలిట్రీ వాళ్లు పట్టుకుపోయారు. నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఇంటికి వచ్చేసరికి యోబు పనిముట్లన్నీ వాకిట్లో పడి ఉన్నాయి. రిపేరుకు వచ్చిన తాళాలు, కుట్టుమిషను, సైకిలు గొలుసు, అన్నీ మట్టిలో. సోదాలో నల్లటి పొడి డబ్బా దొరికిందని పక్కింటి నారయ్య చెప్పాడు. తుపాకి మందు అన్నారట. తాళాలకు ఏసేది సార్ అని యోబు అంటే చెంప పగలగొట్టారట.

రజాకార్ల పీడ పోయిందని పోయిన నెలే చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. పాట ఎత్తుకున్నది నేనే. ఎందుకు పాడానా అనిపిస్తోంది.

అక్టోబరు 12

పొద్దంతా క్యాంపు గేటు దగ్గర నిలబెట్టి, రేపు రమ్మన్నారు.

అక్టోబరు 13, బుధవారం

కెప్టెన్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. ఇంగ్లీషులో మాట్లాడేసరికి ముఖం విప్పారింది. డబ్బా టేబుల్ మీద పెట్టాడు. దాని మీద ప్లంబాగో అని అచ్చు వేసి ఉంది. ఇదేమిటని అడిగాడు. బడి డిక్షనరీ సంచిలో పెట్టుకునే పోయాను, తీసి చూపించాను. బ్లాక్ లెడ్ అని ఉంది. లెడ్ అయితే తూటాలకే కదా అన్నాడు. పేరుకే లెడ్, ఇందులో సీసం చుక్క కూడా ఉండదు, మీ జేబులో పెన్సిల్ ముల్లు దీనితోనే చేస్తారని చెప్పాను. అనుమానముంటే అగ్గిపుల్ల గీయమన్నాను. గీశాడు. పొడి అంటుకోలేదు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేనే కొట్టుకోవాలి.

మరి దేనికి వాడతారని అడిగాడు. అక్కడ నోరు మూసుకుంటే అయిపోయేది. టీచరును కదా, ఎవరైనా అడిగితే నా నోరు ఆగదు. యోబు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్న రోజుల నుంచి మొదలుపెట్టాను. అక్కడి మేస్త్రీ నేర్పిన పేరే ప్లంబాగో. ఇది పొడి లూబ్రికెంట్. బండి ఇరుసుకైతే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెడతాం. తాళానికి అది పనికిరాదు. నూనె దుమ్మును పట్టుకుని కొన్నాళ్లకు జిగురవుతుంది, తాళం బిగుసుకుంటుంది. ప్లంబాగో అట్లా కాదు. సన్నని రేకులు ఒకదాని మీద ఒకటి జారుతాయి, దుమ్ము అంటదు. కాస్త గొట్టంలో పోసి తాళం కన్నంలోకి ఊదితే ఎంత మొండి తాళమైనా చప్పుడు చేయకుండా తిరుగుతుంది. ఈ మాట నేనే అన్నాను. చప్పుడు చేయకుండా అన్నాను.

కెప్టెన్ అంతా రాసుకున్నాడు. జవానును పంపి దొర గడీలోని వడ్ల కొట్టు తాళం తెప్పించాడు. కమ్యూనిస్టుల సంగం వాళ్లు తన కొట్టు దోచుకున్నారని దొర ఫిర్యాదు చేసి ఉన్నాడు. తాళం పగలలేదు, ఊడి వేలాడుతోందట. కెప్టెన్ పుల్లకు దూది చుట్టి కన్నంలో తిప్పాడు. నల్లగా వచ్చింది. థాంక్యూ మేడం అన్నాడు.

అక్టోబరు 14

థాంక్యూ మేడం అట!

అక్టోబరు 16, శనివారం

ఆ తాళంలో పొడి ఊదింది యోబే. ఎండాకాలంలో, పట్టపగలు, గడీ మున్షీ ఈశ్వరయ్య పిలిస్తే పోయి ఊదాడు. దొర కోపం మీదున్నడు, జర జల్ది రా అని మా గడప ముందే నిలబడి తొందర పెట్టాడు ఆయన. నా చెవులతో విన్నాను. కానీ నేను అక్కను, నా సాక్ష్యం ఎవరికి కావాలి?

ఈశ్వరయ్య ఇంటికి పోయాను. అరుగు ఎక్కనివ్వలేదు. మున్షీ సాబ్, మీరే పిలిచిన్రని ఒక్క మాట కెప్టెన్‌కు చెప్పున్రి అని కింద నిలబడే బతిమాలాను. గడీకి ఎందరొస్తరు ఎందరు పోతరు, నాకేం యాదికుంటది పంతులమ్మా అన్నాడు. గిసొంటి దినాలల్ల నన్ను నడుమ గుంజకు అన్నాడు. ఆ మాట అంటూ పళ్లపుల్ల నములుతూనే ఉన్నాడు.

అక్టోబరు 17, ఆదివారం

గడీలో ఊడ్చే బుగ్గమ్మ చర్చి వెనక నన్ను ఆపింది. సంగపోళ్లు గా వడ్లు ముట్టనే లేదు బిడ్డా అంది. మిలిట్రీ వస్తుందని తెలియగానే దొర బండ్లే వచ్చి కొట్టు ముందు ఆగాయట. తాళంచెవి ఉండేది దొర మొలతాడుకు. తీసింది దొరే. కొత్త సర్కారుకు లెవీ వడ్లు పెట్టాల్సొస్తదని గట్ల మాయం జేసిండు అంది.

ఇదే మాట కెప్టెన్ ముందు చెప్పమన్నాను. నా కొడుకు కోడలు గాడనే వెట్టి జేస్తున్నరు, నన్ను సంపకు బిడ్డా అని నా చేతులు పట్టుకుంది. ఆమె మీద కోపం రాలేదు. రాలేదని రాస్తున్నాను గానీ వచ్చింది. ఇంటికి చేరేదాకా ఆమెను తిట్టుకుంటూనే నడిచాను.

ఇప్పుడంతా తెలిసింది. యోబును మేమే పిలిచామని గడీ వాళ్లు ఒప్పుకుంటే కన్నంలోని నలుపు నేరం కాదు. అప్పుడు పగలని తాళం ఎవరు తీశారని అడగాలి. చెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుసు. అందుకే మా వాడు లోపల ఉండాలి. దొర పరువు బయట తిరగాలంటే మా యోబు కటకటాల్లో కూర్చోవాలి!

అక్టోబరు 19

బుగ్గమ్మ పేరు ఎత్తకుండా కెప్టెన్‌కు మొత్తం చెప్పాను. సాక్షిని తెమ్మన్నాడు. చెబుతుండగానే గడీ నుంచి పాల బిందె వచ్చింది. రోజూ వస్తుందట.

యోబును కిటికీ లోంచి చూడనిచ్చారు. పెదవి వాచి ఉంది. నా వల్లనే ఇరుక్కున్నావు రా అన్నాను. నువ్వేం తప్పు చెప్పలేదక్కా, గది గట్లనే పని జేస్తది అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

అక్టోబరు 23

యోబును చంచల్‌గూడ జైలుకు తోలారు. లారీ పోయాక చెప్పారు.

అక్టోబరు 28, గురువారం

ఈశ్వరయ్య మా గడప ముందుకు వచ్చాడు. క్యాంపులో ఏ జవానో ఆ తాళానికి నూనె పోశాడట. మళ్లీ కొట్టుకు వేశాక దుమ్ము పట్టి బిగుసుకుందట, చెవి తిరగడం లేదట. దొర మండిపడుతున్నాడట. యోబు ఎన్నడొస్తడు, పోయినసారి మస్తు జేసిండు అన్నాడు.

నా ఒళ్లంతా మండింది. యాదికొచ్చిందా మున్షీ సాబ్ అన్నాను. గీ మాటనే కెప్టెన్ ముందట అనున్రి, మా తమ్ముడొచ్చి తాళం బాగుజేస్తడు, నడువున్రి అని చెప్పులు తొడుక్కుని ముందు నిలబడ్డాను. ఆయన నా చెప్పుల వైపు చూశాడు. దొరనడిగి వస్త అని పోయాడు.

సాయంత్రం దాకా చెప్పులు విప్పలేదు.

అక్టోబరు 29

గడీలో తాళం పగలగొడుతున్నారు. గొడ్డలి చప్పుడు బడి దాకా వస్తోంది. పిల్లలు ఎక్కాలు ఆపి వింటున్నారు. ఒక్క మాట చెప్పడం కంటే గడీ వాళ్లకు ఇదే తేలికైంది.